ఎలుగుకీ పులికీ పోరు పడితే

వినాయక చవితి రోజు మా ఇంట్లో వ్రతకథ చదివేది నేనే. ఉదయగిరి కొండకు కాస్త దూరంగా ఉన్న మా ఊళ్లో పిల్లలంతా చేతిలో అక్షింతలు పట్టుకుని, కథ ఎప్పుడు అయిపోతుందా, ఉండ్రాళ్లు ఎప్పుడు పెడతారా అని చూస్తుంటారు. పోయినేడు శమంతకమణి కథ దగ్గర మా తమ్ముడి కొడుకు నన్ను ఆపేశాడు. "పెదనాన్నా, ప్రసేనుణ్ణి సింహం చంపింది, సరే. ఆ సింహాన్ని ఎలుగ్గొడ్డు ఎట్ట చంపింది? అడవికి రాజు సింహం కదా?"

ముందు కథ పూర్తి కానీరా అన్నాను. కానీ వాడి ప్రశ్న నాలో ఉండిపోయింది. వాడికి ఎలుగంటే వెలిగొండల్లో తిరిగే నల్లటి ఎలుగు, పుట్టలు తవ్వి చెదలు తినేది. సింహం అంటే టీవీలో చూసిన సింహం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా వచ్చే అనుమానమే. ఫోన్లో వెతికితే పులి, ఎలుగు కొట్టుకునే వీడియోలు కుప్పలుగా వస్తాయి, వాటిలో చాలావరకు కంప్యూటర్‌లో తయారుచేసినవి. పిల్లలు అవే నిజమనుకుంటున్నారు. అందుకే నిజంగా తెలిసిన సంగతులేమిటో ఓపిగ్గా రాద్దామని కూర్చున్నాను.

ముందే జవాబు చెప్పేస్తాను. మూడు, నాలుగు వందల కిలోల మగ గోధుమ ఎలుగు తయారుగా ఎదురు నిలబడితే దాన్ని పడగొట్టడం పులికైనా సింహానికైనా చాలా కష్టం. తనంత బరువున్న ఎలుగు మీదకి పులి వెనకనుంచి దూకి మెడ పట్టిందంటే ఆ ఎలుగు బతకడం కష్టం. ఇక మన అడవుల్లో ఎలుగు, పులి బరువులో ఇంచుమించు సగం ఉంటుంది. పులి తలుచుకుంటే దాన్ని చంపగలదు, చంపిన సందర్భాలూ ఉన్నాయి. అయినా చాలాసార్లు పులే పక్కకు తప్పుకుని పోతుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ మూడో సంగతి.

పళ్లు చూసి కట్టాలి

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. అక్కడ జతలను పళ్లను బట్టి విడదీస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. పాలపళ్ల జతను తెచ్చి సీనియర్ల బండకు కట్టమని ఎవరూ అడగరు. ఎలుగుకీ పులికీ పోటీ పెట్టేవాళ్లు మాత్రం ఈ లెక్క మర్చిపోతారు. "ఎలుగు గొప్పదా, పులి గొప్పదా" అంటారే గానీ ఏ ఎలుగు, ఏ పులి అని అడగరు.

ప్రపంచంలో ఎలుగు జాతులు ఎనిమిది. మంచు ప్రాంతాల్లో ఉండే తెల్ల ఎలుగుల్లో ఎదిగిన మగది 350 నుంచి 600 కిలోలుంటుంది. అలాస్కా దగ్గర కోడియాక్ దీవుల్లో చేపలు తిని బలిసే గోధుమ ఎలుగులు కూడా దాదాపు అంతే తూగుతాయి, అంటే బాగా మేపిన ఒంగోలు ఎద్దంత. అదే గోధుమ ఎలుగు చేపలు దొరకని లోపలి కొండల్లో అందులో సగమే ఉండొచ్చు. మన నల్ల ఎలుగు మగది 80 నుంచి 145 కిలోలు, ఆడది ఇంకా తక్కువ. ఆగ్నేయాసియా అడవుల్లోని ఒక ఎలుగు జాతి అయితే 65 కిలోలు దాటదు. పిల్లిజాతిలో అన్నిటికన్నా పెద్దది పులి, మగది సుమారు 180 నుంచి 250 కిలోలు. మగ సింహం దానికి కొంచెం తక్కువ. మన చిరుత 30 నుంచి 70 కిలోల మధ్య.

ఇలా పెట్టి చూస్తే సగం వాదన ఇక్కడే తేలిపోతుంది. కోడియాక్ ఎలుగు ముందు పులి చిన్నది. పులి ముందు మన ఎలుగు చిన్నది. మన ఎలుగు ముందు చిరుత చిన్నది. వెలిగొండల్లో, పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో ఎలుగుకి ఎక్కువగా ఎదురయ్యేది చిరుతే. ఎదిగిన ఎలుగు జోలికి చిరుత సాధారణంగా పోదు. దానివల్ల భయమంతా ఎలుగు పిల్లలకే.

కానీ బరువుతోనే అంతా తేలితే ఇంత రాయాల్సిన పని లేదు. రెండింటి శరీరాలూ రెండు వేర్వేరు పనుల కోసం తయారైనవి. పులి ఒళ్లంతా వేట కోసమే. వేళ్ల మీద నడుస్తుంది కాబట్టి అడుగు చప్పుడు రాదు. గోళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి అరగవు, ఎప్పుడు బయటికి తీసినా కొక్కెంలా పదునుగా ఉంటాయి. పై కోరలు ఆరేడు సెంటీమీటర్లు, మన చూపుడు వేలంత. పులి పథకం ఒక్కటే: కనపడకుండా దగ్గరికి రావడం, ఒక్క దూకుడు, మెడ. పెద్ద జంతువైతే గొంతు పట్టి ఊపిరి ఆగేదాకా కొన్ని నిమిషాలు వదలదు. ఇదంతా తొలి పట్టు మీద ఆధారపడిన పని. ఆ పట్టు తప్పితే పులికి రోజంతా పెనుగులాడే దమ్ము లేదు. పిల్లిజాతి శరీరం వంద మీటర్ల పరుగుకి తగిన శరీరం, మైళ్ల పరుగుకి కాదు.

ఎలుగు అరికాలు మొత్తం నేలకి ఆనించి నడుస్తుంది, మనలాగే. అందుకే తడి ఇసుకలో దాని వెనక కాలి గుర్తు చూసి మనిషి అడుగేమో అనుకుంటారు. వెనక కాళ్ల మీద నిలబడగలగడం కూడా ఆ అరికాలు వల్లే. గోళ్లు పొడుగ్గా ఎప్పుడూ బయటే ఉంటాయి, నేల తవ్వీ తవ్వీ మొన మొద్దుబారుతుంది. తవ్వే పనే దాని భుజాలకు అంత బలం ఇచ్చింది. మొండిగా పట్టుకుని వదలనివాణ్ణి మనం భల్లూకపు పట్టు పట్టాడంటాం గానీ, ఎలుగు కౌగిలించి నలిపి చంపదు. ముందు కాళ్లతో దగ్గరికి లాక్కుని తల మీద, మొహం మీద కరుస్తుంది, పంజాతో చరుస్తుంది. దాని మెడ చుట్టూ దట్టమైన జూలు, కింద మందపాటి తోలు. పులి కోరకి అవన్నీ అడ్డమే. పైగా ఎలుగుకి తొలి దెబ్బతోనే అంతా తేలిపోవాలన్న తొందర ఉండదు. ఎంతసేపైనా నిలబడుతుంది.

మంచులో జాడలు

పులి, పెద్ద ఎలుగు నిజంగా ఒకే అడవిలో తిరిగే చోటు రష్యా తూర్పు చివరనున్న సిఖోటే అలీన్ కొండలు. అక్కడ పులులూ గోధుమ ఎలుగులూ తరాలుగా ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి. మగ ఎలుగు అక్కడ పులికన్నా బరువుగానే ఉంటుంది. కాబట్టి ఈ ప్రశ్నకు సాక్ష్యం కావాలంటే ఆ అడవినే అడగాలి.

అక్కడి పరిశోధకులు పులికీ ఎలుగుకీ నేరుగా జరిగిన 44 ఘర్షణల వివరాలు పోగుచేశారు. వాటిలో 22 ఎలుగు చావుతో ముగిశాయి. 12 పులి చావుతో. మిగతా 10 సార్లు రెండూ బతికి ఎవరి దారిన అవి పోయాయి. ఎవరు మొదలుపెట్టారో తెలిసిన వాటిలో 12 సార్లు పులి, 8 సార్లు ఎలుగు.

పైపైన చూస్తే పులి రెండింతలు గొప్పదన్నట్టే ఉంటుంది. చాలామంది ఈ అంకె చెప్పి వాదన ముగించేస్తారు. నేను అక్కడ ఆగమంటాను. ఆ ఎలుగులను ఎంచుకున్నది ఎవరు? ఎక్కువసార్లు పులే. తిండి కోసం ఎలుగుని పట్టే పులి తనకన్నా బరువైన మగ ఎలుగుని ఎంచుకోదు. ఆడదాన్నో, ఇంకా ఎదుగుతున్నదాన్నో, చలికాలంలో గుహలో నిద్రపోతున్నదాన్నో చూసుకుంటుంది. జతలను పళ్లు చూసి కట్టడం కాదు ఇది, ఏ జతతో తలపడాలో ఒక పక్షమే తేల్చుకున్న పోటీ. అయినా 44లో 12 సార్లు పులి చనిపోయింది. వేటగాడు తనకి వీలైన వేటని ఎంచుకుని కూడా ఇన్నిసార్లు ప్రాణం పోగొట్టుకున్నాడంటే, ఆ వేట ఎంత ప్రమాదమైనదో అర్థం చేసుకోవచ్చు.

ఇక ఎలుగు ఎప్పుడు మొదలుపెడుతుంది? ఎక్కువగా పులి కొట్టిన వేట దగ్గర. నిద్ర లేచి ఆకలితో తిరిగే గోధుమ ఎలుగు మంచులో పులి అడుగులు పట్టుకుని పోతుంది, పులి చంపిన జింకో పందో కనిపిస్తే మీదకి వెళ్లి లాక్కుంటుంది. కొన్ని ఎలుగులు అదే పనిగా పులి వెంట తిరుగుతాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ కొండల్లోనూ ఇదే కనిపిస్తుంది. ప్యూమా అనే పిల్లిజాతి జంతువు కొట్టిన వేట దగ్గరికి పెద్ద ఎలుగు వస్తే ప్యూమా పోట్లాడకుండానే వదిలిపోతుంది. దాని బరువు ఎలుగులో సగం కూడా ఉండదు, వాసన తగలగానే లేచిపోవడమే దానికి క్షేమం.

ఇక్కడ నాకు మళ్లీ చవితి కథ గుర్తొస్తుంది. సింహం శమంతకమణిని మాంసం ముక్క అనుకుని ప్రసేనుణ్ణి చంపింది. అప్పుడు ఎలుగు వచ్చింది, సింహాన్ని చంపింది, మణిని పట్టుకుపోయింది. వేట కొట్టినది పిల్లిజాతి, వచ్చి లాక్కున్నది ఎలుగు. సిఖోటే అలీన్‌లో జరిగేదీ సరిగ్గా ఇదే. ఆ పోరు కళ్లారా చూసినవాళ్లు కథలోనూ లేరు. కృష్ణుడు అడవికి వెళ్లి ప్రసేనుడి శవం చూస్తాడు, పక్కన సింహం అడుగులు చూస్తాడు, ఆ తర్వాత ఎలుగు అడుగులు చూసి గుహ దాకా పోతాడు. రష్యా అడవుల్లో పరిశోధకులు చేసింది కూడా చాలావరకు అదే పని, మంచు మీద జాడలు చదవడం. ఆ కథ అల్లినవాళ్లు అడవి తెలిసినవాళ్లని నా గట్టి నమ్మకం.

సింహం, ఎలుగు నిజంగా కలిసే అడవి ఈ రోజుల్లో లేదు. రోమన్లు వాటిని బోనుల్లో తెచ్చి కొట్లాటకి వదిలేవాళ్లు. సామాన్య శకం 80లో రోమ్‌లో కొలోసియం అనే పెద్ద పోటీల మైదానం ప్రారంభ వేడుకల్లోనే వేల జంతువులను చంపారు. అక్కడ ఏది గెలిచినా మనకి ఒరిగేది లేదు. నక్కడానికి పొద లేని మైదానంలో పిల్లిజాతి బలం సగం పోతుంది, పారిపోయే దారి లేక బెదిరిన ఎలుగు ఎలుగులా ఉండదు. తెల్ల ఎలుగుని పులితో పోల్చడం ఇంకా అర్థం లేని పని. రెండింటి నేలలూ వేరు, తెల్ల ఎలుగు మన ఎండలో కాసేపు పరిగెత్తితేనే ఒళ్లు వేడెక్కి కూలబడుతుంది.

మన ఎలుగు ఎందుకు తగ్గదు

ఇప్పుడు నల్లమల, వెలిగొండల సంగతి. గిద్దలూరు, దోర్నాల వైపు నల్లమలలో పులి, చిరుత, ఎలుగు మూడూ ఉంటాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ చుట్టూ ఉన్న ఆ అడవిని 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అక్కడినుంచి దక్షిణంగా వెలిగొండలు, శేషాచలం దాకా కొండలు వరుసగా ఉన్నాయి.

మన ఎలుగు మాంసం కోసం వేటాడదు. చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు, తునికి పండ్లు, నేరేళ్లు, ఇప్పపూలు, కాపు కాలంలో సీతాఫలాలు, ఇవే దాని తిండి. పై వరసలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను గాలితో పాటు పీల్చుకుంటుంది. ఆ పీల్పు చప్పుడు వందడుగుల దూరంలోకి కూడా వినపడుతుంది. ఇంకొకరి నోటి దగ్గర తిండి లాక్కోవాల్సిన అవసరం దానికి లేదు, కాబట్టి గోధుమ ఎలుగులా పులి వెంట తిరగదు. మరి పులితో తగువెందుకు?

దాని కష్టమేమిటంటే, పారిపోయే దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. హిమాలయాల్లో ఉండే వేరే జాతి నల్ల ఎలుగు ప్రమాదం వస్తే పిల్లలను చెట్టెక్కిస్తుంది. మన ఎలుగుకి చెట్టెక్కడం వచ్చు, తేనె కోసం ఎక్కుతుంది కూడా. కానీ తవ్వడానికి పెరిగిన ఆ పొడవాటి గోళ్లతో గబగబా ఎక్కలేదు. పైగా చెట్టు మీదికి చిరుత వస్తుంది. పరుగులో పులిని మించలేదు. తోపుల్లో, ముళ్లకంపల్లో దాక్కుందామంటే పులి ఉండేదీ అక్కడే. అందుకే అది పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఎలుగు జాతుల్లో పిల్లలను ఇలా ఎప్పుడూ వీపున మోసేది మన ఎలుగే. వీపున పిల్లలుంటే ఇక వెనక్కి తిరిగి పరిగెత్తడం అంటే పులి నోటికి ముందు పిల్లలను అందించడమే. మిగిలిన దారి ఒక్కటే, ఎదురు తిరగడం. తరతరాలుగా పులుల మధ్యే బతికిన ఎలుగుల్లో తగ్గి పోయినవి పోయాయి, అరిచి మీద పడినవి మిగిలాయి. మన ఎలుగు స్వభావానికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ముఖ్యమైనది ఇదే.

పులి వైపు నుంచి చూడండి. ఒక పులి ఏడాది బతకడానికి దాదాపు 50 జింకలంత వేట కావాలి. అంటే వారానికి ఒకసారి ఒంటరిగా వేటాడి గెలవాలి. పంజా విరిగితే, కోర ఊడితే, కన్ను పోతే తెచ్చిపెట్టే తోడు లేదు. ఏదుపంది ముల్లు పాదంలో దిగి చీము పట్టి, జింకలను పట్టలేక నీరసించిపోయిన పులులున్నాయి. 120 కిలోల ఎలుగు వెనక కాళ్ల మీద లేచి గట్టిగా అరుస్తూ మీదకొస్తుంటే, గెలుస్తాననే తెలిసినా పులికి అది లాభం బేరం కాదు. పక్క కోనలో చుక్కల దుప్పి ఉండగా ఆ దెబ్బలెందుకు? పులి తప్పుకుంటే పిరికిదై కాదు, దాని బతుకు లెక్క అది.

2018 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని తాడోబా అడవిలో ఒక నీటిగుంట దగ్గర ఇది అందరి కళ్లముందూ జరిగింది. పిల్లతో నీళ్లకొచ్చిన తల్లి ఎలుగు మీదకి పెద్ద మగ పులి వచ్చింది. పులి ఎలుగుని కింద పడేసింది, కాసేపు పట్టు దానిదే. చూసేవాళ్లు ఎలుగు పనైపోయిందనే అనుకుంటారు. కానీ తొలి పట్టులో ప్రాణం పోలేదు. తల్లి విడిపించుకుని మళ్లీ మళ్లీ మీదకి పోయింది, చివరికి పులే వెళ్లిపోయింది. రెండింటికీ గాయాలయ్యాయి. ఆ వీడియో చూస్తే బరువు, కోరలు, దమ్ము అని ఇప్పటిదాకా నేను రాసినవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. అంత మాత్రాన ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు. తల పుట్టలో పెట్టి చెదలు పీల్చుకుంటున్న ఎలుగుని పులి వెనకనుంచి పట్టుకున్న రోజు కథ వేరుగా ఉంటుంది.

ఆ పుట్ట దగ్గరే మన ఊళ్లవాళ్లకి సంబంధించిన సంగతి కూడా ఉంది. ఎలుగుకి చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం గట్టిది. తింటున్నప్పుడు దాని సొంత చప్పుడులో మన అడుగు దానికి వినపడదు. గాలి మన వైపు వీస్తుంటే వాసనా అందదు. తల ఎత్తి చూసేసరికి పదడుగుల్లో ఏదో నిలబడి ఉంటుంది. అప్పుడది మనిషా పులా అని తేల్చుకోదు. పులికి నేర్చుకున్న జవాబే మనకీ ఇస్తుంది. ఏ అడవిలోనైనా పులి చాలావరకు మనిషిని ముందే పసిగట్టి తప్పుకుంటుంది. ఎలుగు మనల్ని తినడానికి రాదు, అయినా దాని చేతిలో మొహం చీల్చుకుపోయినవాళ్లు కొండ పక్క ఊళ్లలో కనిపిస్తారు. అది తలనే చూసుకుని కొడుతుంది కాబట్టి.

మా వైపు జీవాలు మేపే పెద్దవాళ్లు గుండ్ల మలుపు తిరిగేముందు గట్టిగా దగ్గుతారు, కర్రతో బండ మీద కొడతారు, లేకపోతే ఊరికే ఒకరినొకరు కేకేసుకుంటారు. చిన్నప్పుడు అది అలవాటు అనుకున్నాను. అది ఎలుగుకి ముందే కబురు పెట్టడం. కబురు అందితే అది దాని దారిన పోతుంది. తెల్లవారకముందూ పొద్దు గుంకాకా ఒంటరిగా కొండ పక్కకి పోకపోవడం, కుక్కలను ముందు వదలకపోవడం కూడా అందుకే. ఎలుగుని రెచ్చగొట్టిన కుక్క తిరిగి యజమాని కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగు. ఒకవేళ మీద పడితే మొహం నేలకి ఆనించి బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక కప్పుకుని కదలకుండా ఉండాలి. మీ నుంచి ముప్పు లేదనుకుంటే అది వెళ్లిపోవచ్చు.

ఇదంతా మా తమ్ముడి కొడుక్కి ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. బండలాగుడు లెక్క వాడికి వెంటనే ఎక్కింది. 22, 12, 10 అంకెలు రెండుసార్లు అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. తల్లి ఎలుగు సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "జాంబవంతుడికీ ఇంట్లో బిడ్డ ఉంది కదా పెదనాన్నా. మణి తెచ్చి ఆడుకోమని ఇచ్చింది ఆ పిల్లకే గదా. అందుకే సింహానికి తగ్గలేదేమో."

మగ ఎలుగులు పిల్లలను పెంచవు. ఆ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.